స్ప్రింగ్‌ఫీల్డ్ అంగడివీథి

ఊరిని కల్పించిన రచయితకు అంగడిని కల్పించక తప్పదు. మనుష్యులు ఏమి తింటారో, ఏమి కొంటారో, ఎవరికి బాకీపడతారో తెలియనిదే ఏ ఊరూ పాఠకుని మనస్సులో నిలువదు. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథులలో తిరుగుతున్నప్పుడు ఆ పూటకూళ్ళ ఇల్లు తగలకపోయినట్లయితే కాకతీయుల రాజధాని నేటి పాఠకునికి ఇంత చేరువ అయ్యేది కాదు. ఆర్.కె. నారాయణ్ కట్టిన మాల్గుడి సంగతీ అంతే. ‘ద ఫైనాన్షియల్ ఎక్స్‌పర్ట్’ (1952) లో మార్గయ్య సహకార బ్యాంకు ఎదుట మర్రిచెట్టు క్రింద పెట్టె ముందు పెట్టుకొని కూర్చున్నాడు. ‘ద వెండర్ ఆఫ్ స్వీట్స్’ (1967) లో జగన్ మిఠాయి దుకాణం నడిపినాడు. ‘ద పెయింటర్ ఆఫ్ సైన్స్’ (1976) లో ఊరందరికీ బోర్డులు వ్రాసి పెట్టే రామన్ రోజూ పోయి కూర్చునే హోటలుకు బోర్డే లేదు. బోర్డు లేకపోవటమే దాని పేరు. వ్యాపారానికి పేరెందుకు, పేరుకు వెనుక మనిషెవరు అన్న ప్రశ్న ఆ చిన్న పరిహాసంలో ఉన్నది.

నారాయణ్ చిరునవ్వుతో అడిగిన ఈ ప్రశ్ననే అట్టహాసంతో అడిగిన రచన ఒకటి అమెరికా టెలివిజన్‌లో వెలువడింది. మాట్ గ్రేనింగ్ సృష్టించిన ‘ద సింప్సన్స్’ అనే బొమ్మల హాస్యనాటిక 1987లో మరొక కార్యక్రమం మధ్య వచ్చే చిన్న చిన్న తునకలుగా మొదలై, 1989 డిసెంబరు 17 నుండి అరగంట నాటికగా స్వతంత్రించి, నేటికి 750 భాగాలకు మించి సాగింది. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరిలో హోమర్ సింప్సన్ అనే మందబుద్ధి గృహస్థు, అతని భార్య మార్జ్, కొడుకు బార్ట్, కూతుళ్ళు లీసా, మాగీ ఇందులో ప్రధాన పాత్రలు. బొమ్మలని చెప్పి దీనిని పిల్లల వేడుకగా త్రోసివేయటం సరికాదు. ఇది ప్రధానంగా రచయితల సృష్టి. సంస్కృతంలో మత్తవిలాసం, భగవదజ్జుకం ఏ జాతికి చెందుతాయో ఇదీ ఆ జాతికే చెందుతుంది. ప్రహసనమని పిలిస్తే దాని గౌరవానికి లోటు లేదు.

ఈ ప్రహసనంలో కథానాయకుడు హోమర్ అని చెప్పటం వాడుక. అయితే ఆ ఊరి అంగడివీథి అతనికంటె తక్కువ పాత్ర కాదు. వీథి చివర బర్న్స్ అనే ముసలి ధనికుని అణువిద్యుత్కేంద్రం ఉన్నది. ఊరిలో సగం మంది జీతాలు అక్కడివి. పని ముగించుకొని హోమర్ మో నడిపే సారాయి దుకాణానికి పోయి డఫ్ మార్కా బీరు త్రాగుతాడు. పిల్లలు క్రస్టీ అనే విదూషకుని పేర వెలసిన బర్గర్లు తింటారు, బజ్ కోలా త్రాగుతారు. లీసా చేతిలో మాలిబూ స్టేసీ అనే బొమ్మ. పెద్దవాళ్ళ నోట లారమీ మార్కా సిగరెట్టు. రాత్రి పొద్దుపోయిన తరువాత కూడ తెరచి ఉండే చిల్లర దుకాణం క్విక్-ఇ-మార్ట్. దాని గల్లాపెట్టె వెనుక నిలిచినవాడు అపు అనే భారతీయుడు. ఇవన్నీ లేని వ్యాపారాలు. అయినను వీటిలో దేనిని చూచినా ప్రేక్షకునికి తాను నిన్ననో మొన్ననో పోయి వచ్చిన దుకాణమే గుర్తుకువస్తుంది.

కల్పిత నామంలో ఉన్న బలం ఏమిటి? నిజమైన వ్యాపారిని పేరు పెట్టి ఎగతాళి చేస్తే న్యాయస్థానం ఎక్కవలసివస్తుందన్న జాగ్రత్త ఒకటి ఉన్నది; అది రచయితకు అవసరమే గాని రసానికి సంబంధించినది కాదు. అసలు కారణం వేరు. నిజమైన పేరు చెప్పితే నవ్వు ఆ ఒక్క వ్యాపారి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. తక్కినవారందరూ నిర్దోషులుగా మిగిలిపోతారు. లేని పేరు పెట్టినప్పుడు దోషం వ్యక్తిని విడిచి వర్గానికి, వర్గాన్ని విడిచి ఒక ధర్మానికి అంటుకుంటుంది. మన ఆలంకారికులలో భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం కరుణ శృంగారాలకే కాక హాస్యానికి కూడ వర్తిస్తుందని స్ప్రింగ్‌ఫీల్డ్ అంగళ్ళు నిరూపిస్తున్నవి. పానుగంటివారి సాక్షి ఊరూ పేరూ చెప్పకుండా ఒక దురాచారాన్ని ఎదుట నిలబెట్టి ప్రశ్నించినప్పుడు చదువరి ఎవరికి వారు తడుముకొన్నది ఈ గుణం వల్లనే.

1993లో ప్రసారమైన ఒక భాగంలో హోమర్ డఫ్ బీరు తయారయ్యే కర్మాగారం చూడబోతాడు. డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు పేర్లతో మూడు పెద్ద తొట్లు. ఆ మూడింటికీ పైనుంచి బీరు వచ్చే గొట్టం ఒక్కటే. ఎవరూ ఏమీ అనరు. మాట లేదు, వ్యాఖ్య లేదు. గొట్టం కనిపిస్తుంది, కథ ముందుకు సాగుతుంది. ఒకే సరుకుకు మూడు పేర్లు పెట్టి మూడు విధాల మనుష్యులకు అమ్మటమనే నేటి వ్యాపారకళను గురించి వ్రాసిన గ్రంథాలు చాల ఉన్నవి. ఆ గొట్టం చెప్పినంత క్లుప్తంగా చెప్పినవి తక్కువ. వ్యంగ్యమంటే ఇదే. వాచ్యం చేసిన మరుక్షణం ఈ హాస్యం చప్పబడిపోయేది.

మరొక ఉదాహరణలో కల్పన ఎంత దగ్గరగా నిజాన్ని అనుసరించినదో తెలుస్తుంది. 1984 లాస్ ఏంజలిస్ ఒలింపిక్ క్రీడలప్పుడు మెక్‌డొనాల్డ్స్ సంస్థ అమెరికా పతకం గెలిచినప్పుడల్లా చీటీ ఉన్నవారికి తినుబండారం ఉచితమని ప్రకటించింది. సోవియట్ కూటమి ఆ క్రీడలను బహిష్కరించటంతో అమెరికాకు పతకాల పంట పండింది. సంస్థ లెక్క తప్పింది. 1992 నాటి భాగంలో నాటిక ఈ సంఘటనను క్రస్టీ పరంచేసి, ఒక్క మెలిక మాత్రం కలిపింది. కమ్యూనిస్టులు ఎన్నడూ ఓడని ఆటల చీటీలే క్రస్టీ మనుష్యులు అచ్చువేయించినారు. బహిష్కారం వార్త వచ్చేసరికి 4 కోట్ల 40 లక్షల డాలర్ల నష్టం. నిజమైన సంస్థది లెక్క పొరపాటు. కల్పిత సంస్థది మోసం బెడిసికొట్టటం. ఔదార్యమని చాటుకొనే ప్రకటనకు అడుగున ఎంత గణితం ఉంటుందో ఈ మెలికవల్లనే బయటపడింది. నిజమైన పేరు పెట్టి ఈ మాట చెప్పితే అది నింద అయ్యేది. క్రస్టీ పేర చెప్పటంవల్ల ప్రహసనమయింది.

1994లో వచ్చిన మాలిబూ స్టేసీ కథలో హాస్యం ఇంకా లోతుకు దిగింది. 1992లో మాట్లాడే బార్బీ బొమ్మ ఒకటి లెక్కల తరగతి కష్టమని పలికి అమెరికాలో స్త్రీల నిరసనకు గురి అయినది. నాటికలో మాట్లాడే స్టేసీ అంతకంటె మతిమాలిన మాటలు పలుకుతుంది. ఎనిమిదేళ్ళ లీసా అది సహించలేక, స్టేసీని మొదట రూపొందించిన ఆవిడనే వెదకి పట్టుకొని, వివేకం మాట్లాడే మరొక బొమ్మను తయారుచేయిస్తుంది. దుకాణంలో పిల్లలందరూ ఆ బొమ్మవైపు పరుగెత్తుతున్న క్షణంలో పాత సంస్థ వారు ఒక ఉపాయం పన్నుతారు: అదే స్టేసీకి క్రొత్త టోపీ. గుంపంతా అటు తిరుగుతుంది. లీసాకు మిగిలింది, తన బొమ్మను చేతికి తీసుకొన్న ఒక్క చిన్నపిల్ల. లోకంలో సంస్కరణోద్యమాల అనుభవం ఆ టోపీలో ఇమిడియున్నది. లీసా పూర్తిగా ఓడిపోలేదు, గెలువనూ లేదు. ప్రహసనం కరుణకు సరిహద్దు తాకి వెనుకకు వచ్చే ఇటువంటి ఘట్టాలే ఈ రచనను కాలక్షేపం స్థాయి నుండి పైకెత్తినవి.

ఇంతవరకు చెప్పినవి సరుకును గురించిన హాస్యాలు. ఈ రచయితలు గురిపెట్టిన రెండవ లక్ష్యం, మనిషి పేరు మార్కాగా మారటం. 1991లో వచ్చిన కథలో హోమర్ కనిపెట్టిన పానీయానికి మో తన పేరు పెట్టుకొని ధనవంతుడవుతాడు. దానిని కొనదలచి ‘టిప్సీ మెక్‌స్టాగర్’ అనే పెద్ద సంస్థ ప్రతినిధి వస్తాడు. ఆ మెక్‌స్టాగర్‌గారెవరో చూడాలని ఉన్నదన్నట్లు మో మాట్లాడితే, అటువంటి మనిషే లేడని, జనాదరణ పొందిన తక్కిన మార్కాలన్నీ కలబోసి ఆ బొమ్మను చేసినామని అతడు నిర్వికారంగా చెప్పుతాడు. 1997 నాటి కథలో దివాలా తీసిన బర్న్స్ లీసా దగ్గర పాతసామాను తిరిగి వాడుకోవటం నేర్చుకొని, ఆమె పేరనే ఒక కర్మాగారం తెరుస్తాడు. పారవేసిన ప్లాస్టిక్ వలయాలను వలగా అల్లి సముద్రంలోని జీవరాశినంతా ఊడ్చి, గుజ్జు చేసి అమ్మటం ఆ కర్మాగారం పని. చివరకు తన వంతుగా వచ్చిన 1 కోటి 20 లక్షల డాలర్ల చెక్కును ఆ పిల్ల చించివేస్తుంది. పేరును మనిషినుంచి వేరుచేసి అమ్మకానికి పెట్టితే ఆ పేరు ఏ పాపానికైనా ముసుగు కాగలదని కథ సారాంశం. ఇక క్రస్టీ విదూషకుని బ్రతుకంతా ఇదే. డబ్బిస్తే తన పేరు దేనిమీదనైనా వేయనిస్తాడు, తరువాత నాలుక కరచుకొంటాడు.

దీనికి ఎదురుగా ఒక చిన్న అంగడి ఉన్నది. హోమర్ పొరుగువాడు ఫ్లాండర్స్ 1991లో ఎడమచేతివాటం వారికి కావలసిన వస్తువులు మాత్రమే అమ్మే దుకాణం తెరిచినాడు. అది మునిగిపోవాలని హోమర్ కోరుకుంటాడు. నిజంగా మునిగిపోతున్నప్పుడు సిగ్గుపడి, ఊరిలోని ఎడమచేతివాటం వారినందరినీ పిలుచుకొనివస్తాడు. ఈ దుకాణం మీద హాస్యం ఉన్నది గాని దుకాణదారు మీద ద్వేషం లేదు. కారణం స్పష్టం. ఇక్కడ పేరు వెనుక మనిషి ఉన్నాడు; అతనికి భక్తి ఉన్నది, అప్పులున్నవి, పిల్లలున్నారు. మార్కా అయిపోయిన మనిషినీ, మనిషిగా మిగిలిన వ్యాపారినీ వేరుచేసి చూపే వివేకం ఈ రచయితలకు పుష్కలంగా ఉన్నదనటానికి ఇది సాక్ష్యం. తరువాత చెప్పబోయే లోపాన్ని తూచేటప్పుడు ఈ సాక్ష్యాన్ని మరువరాదు.

వ్యాపారాన్ని ఇంతగా ఎగతాళి చేసిన రచనకు వ్యాపారం ఏమి సమాధానం చెప్పింది? కోపగించలేదు, కొనుక్కొన్నది. ఆస్ట్రేలియాలో ఒక బీరు సంస్థ డఫ్ పేరుతో నిజమైన బీరు అమ్మబోతే నాటిక హక్కులు గల ఫాక్స్ సంస్థ న్యాయస్థానానికి పోయినది. 1996లో అక్కడి ఫెడరల్ న్యాయస్థానం ఫాక్స్ పక్షాన తీర్పు చెప్పింది. లేని బీరుకు ఉన్న కీర్తిని చట్టం గుర్తించినదన్నమాట. 2007లో సింప్సన్స్ చలనచిత్రం విడుదల సందర్భంగా 7-ఇలెవన్ సంస్థ అమెరికాలో 11, కెనడాలో 1, వెరసి 12 దుకాణాలను క్విక్-ఇ-మార్ట్‌లుగా వేషం మార్చింది. బజ్ కోలా నిజంగా అమ్మినారు. డఫ్ మాత్రం అమ్మలేదు. చిత్రానికి పిల్లలు కూడ వస్తారు కనుక. 2013లో ఫ్లోరిడాలో, 2015లో హాలీవుడ్‌లో యూనివర్సల్ వినోదోద్యానాలలో స్ప్రింగ్‌ఫీల్డ్ వీథినే కట్టి క్రస్టీ బర్గర్లు వడ్డించినారు. 2015లో చిలీ దేశంలో ఫాక్స్ అనుమతితో డఫ్ బీరు అంగట్లోకి వచ్చినది. 2019లో ఫాక్స్ ఆస్తులతోపాటు ఈ లేని అంగళ్ళన్నీ డిస్నీ సంస్థ వశమయినవి.

దీనిని చూచి అధిక్షేపం ఓడిపోయినదని తీర్మానించటం తొందరపాటు. క్రస్టీ బర్గర్ కొని తినేవాడు దాని రుచి హీనమని నాటిక చెప్పిన సంగతి తెలిసే, నవ్వుతూనే తింటాడు. తెలిసి మోసపోవటంలో ఒక తృప్తి ఉన్నదని వ్యాపారి కనిపెట్టినాడు. హాస్యం దోషాన్ని చూపగలదు. చూచినవాని చేతిని గల్లాపెట్టె వద్దకు పోకుండా ఆపలేదు. ఆ పరిమితి ఈ నాటికది మాత్రమే కాదు, హాస్యానిది. మన ప్రహసనాల అనుభవమూ ఇంతే. కాళ్ళకూరి నారాయణరావుగారి వరవిక్రయం చూచి చప్పట్లు కొట్టిన ప్రేక్షకులలో కట్నం పుచ్చుకోనివారెందరో చెప్పటం కష్టం. అందుచేత వరవిక్రయం వ్యర్థమని ఎవరూ అనలేదు.

ఈ నాటికకు నిజంగా తగిలిన దెబ్బ గల్లాపెట్టె వెనుకనుంచి వచ్చింది. క్విక్-ఇ-మార్ట్ నడిపే అపు 1990లో మొదటిసారి కనిపించినాడు. అతని పేరు సత్యజిత్ రాయ్ చలనచిత్రత్రయంలోని అపు నుండి తీసికొన్నది. ఆ అపు బిభూతిభూషణ్ బందోపాధ్యాయ కన్నబిడ్డ. పథేర్ పాంచాలి ద్వారా దేశమంతటా, మద్దిపట్ల సూరి అనువాదం ద్వారా తెలుగునాట, ఎందరికో ఇంటిపిల్లవాడైనవాడు. అక్క దుర్గ చేయిపట్టుకొని లోకాన్ని కన్నులు విప్పార్చి చూచిన ఆ బాలుని పేరు ప్రపంచ టెలివిజన్‌లో చిల్లర దుకాణదారుకు చేరటంలో దోషమేమీ లేదు. పేర్లు అట్లాగే దేశాలు తిరుగుతవి. అయితే ఆ పేరుకు తగిలించిన ఇంటిపేరు నహాసపీమాపెటిలాన్. అది బెంగాలీ కాదు, తమిళం కాదు, భారతదేశంలోని ఏ భాషకూ చెందదు. తెలుగువాని ఇంటిపేరు ఒక ఊరిని చెప్పుతుంది, ఒక వృత్తిని చెప్పుతుంది, ఒక్కొక్కప్పుడు ఒక పూర్వుని చేష్టను చెప్పుతుంది. అపు ఇంటిపేరు ఒక్కటే చెప్పుతుంది: ఇది పలకటం కష్టం, కనుక నవ్వండి అని.

అట్లని పాత్రచిత్రణ అంతా హీనమనటానికి వీలులేదు. 1994 నాటి కథలో గడువు తీరిన మాంసం అమ్మి ఉద్యోగం పోగొట్టుకొన్న అపు, హోమర్‌ను వెంటబెట్టుకొని తన సంస్థ ప్రధాన కార్యాలయానికి ప్రయాణమవుతాడు. అది భారతదేశంలో ఒక పర్వతశిఖరం మీద ఉన్నది. అధిపతి యోగివలె కూర్చున్నాడు. మూడు ప్రశ్నలకు మాత్రమే సమాధానం ఇస్తాడు. అధిపతివి నీవేనా అని ఒకే ప్రశ్నను హోమర్ మూడుమార్లు అడిగి అవకాశం పాడుచేస్తాడు. ఔనని మూడుమార్లు చెప్పి ఆ యోగి, దుకాణంలో కొనుగోలుదారుకు చెప్పే వీడ్కోలు మాటతో వారిని సాగనంపుతాడు. సంస్థాధిపతులను ఋషులుగా పూజించే నేటి లోకానికి ఇంతకంటె మంచి వాత ఉండదు. 1996లో పౌరసత్వాన్ని గురించిన కథలో అపు దేశబహిష్కారభయంతో టోపీ పెట్టి, యాస మార్చి, అమెరికా మార్కా అంటించుకొంటాడు. ఆ వేషంలో తనను తాను చూచుకొని సిగ్గుపడి, దానిని విసరివేసి, చదివి పరీక్ష నెగ్గుతాడు. కంప్యూటరు శాస్త్రంలో పట్టా గల విద్వాంసుడు రాత్రింబగళ్ళు గల్లాపెట్టె ముందు నిలబడటమే ఒక విషాదమని ఆ రచయితలకు తెలుసు.

తెలిసినా, అపు నవ్వించిన దినాలలో అధికభాగం నవ్వించినది అతని బుద్ధి కాదు, ఉచ్చారణ. ఆ గొంతు హాంక్ అజారియా అనే తెల్లజాతి నటునిది. 1968 నాటి ‘ద పార్టీ’ చిత్రంలో పీటర్ సెల్లర్స్ భారతీయునిగా వేషం కట్టి పలికిన పలుకుబడి దానికి ఒక మూలం. బొమ్మ వెనుక ఎవరి గొంతు ఉంటేనేమి అని అడగవచ్చును. అందుకు సమాధానం న్యూయార్కులోని క్వీన్స్‌లో పెరిగిన ఒక తెలుగు కుటుంబపు బిడ్డ చెప్పినాడు. హరి కొండబోలు అనే హాస్యకారుడు 2017లో ‘ద ప్రాబ్లం విత్ అపు’ అనే వార్తాచిత్రం తీసినాడు. అతని తల్లిదండ్రులు ఆంధ్రదేశం నుండి వలసపోయినవారు. అమెరికాలో పుట్టి పెరిగిన దక్షిణాసియా పిల్లలకు బడిలో ఎదురైన వెక్కిరింత ఆ దుకాణదారు గొంతులోని వీడ్కోలు మాటే అని, చాలకాలం వరకు అమెరికా టెలివిజన్‌లో తమవంటివాడు అతడొక్కడే అని కొండబోలు వాదం. నటులు, వైద్యులు, తక్కిన హాస్యకారులు పలువురు అందులో అదే అనుభవం చెప్పినారు. సింప్సన్స్ అంటే చిన్ననాటినుండి తనకు ఇష్టమని కూడ అతడు దాచుకోలేదు.

నాటిక 2018లో ఇచ్చిన సమాధానం దాని ప్రతిభకు తగినది కాదు. ఒకనాడు మెప్పు పొందినది నేడు తప్పయిపోతే ఏమి చేయగలమన్న ధోరణిలో లీసా చేత ఒక మాట పలికించి, పటంలోని అపు బొమ్మవైపు చూపించి ఊరుకొన్నారు. స్టేసీ బొమ్మ పలికిన మాటలను సహించలేక క్రొత్త బొమ్మ చేయించిన అదే లీసా చేత ఈ మాట పలికించటం పాత్రౌచిత్యానికే భంగం. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్నది ఇటువంటి చోట గుర్తుకురావలసియున్నది. 2020 జనవరిలో అజారియా ఇక ఆ గొంతు పలుకనని చెప్పినాడు. ఆ సంవత్సరం జూనులో తెల్లజాతివారు కానివారి పాత్రలకు ఇక తెల్లజాతి నటులు గాత్రదానం చేయరని నిర్మాతలు ప్రకటించినారు. 2021లో అజారియా క్షమాపణ చెప్పుకొన్నాడు.

అందరినీ ఎగతాళి చేసే ప్రహసనంలో ఒక్కరికి మినహాయింపు ఎందుకని ఒక ఆక్షేపణ ఉన్నది. అది బలమైన ఆక్షేపణే. హోమర్ మూర్ఖుడు, పోలీసు అధికారి సోమరి, పురోహితుడు నిరుత్సాహి, బర్న్స్ రాక్షసుడు. అయితే మూర్ఖుడైన తెల్ల గృహస్థును చూచి నవ్విన ప్రేక్షకుడు బయటకు వచ్చి తెల్ల గృహస్థులందరినీ హోమర్ అని పిలువడు. వారు లక్ష రూపాలలో అతనికి తెలుసు. అపును చూచి నవ్వినవాడు మాత్రం వీథిలో ఎదురైన చామనచాయ పిల్లవానిని అపు అని పిలిచినాడు. అతనికి తెలిసిన రూపం అదొక్కటే. డఫ్ విషయంలో మేలుచేసిన సాధారణీకరణమే ఇక్కడ కీడు చేసింది. సరుకునుంచి వర్గానికి పోవటం అధిక్షేపం. మనిషినుంచి జాతికి పోవటం ముద్ర వేయటం. మెక్‌స్టాగర్ అనే మనిషి లేడు, అతడు తక్కిన మార్కాల కలబోత అని వెక్కిరించిన రచయితలే, యాస, పొడుగాటి ఇంటిపేరు, దేవతాప్రతిమ, ఎనమండుగురు కవలలు కలబోసి ఒక మార్కాను తయారుచేసి గల్లాపెట్టె వెనుక నిలబెట్టినారు.

ఈ భేదాన్ని పట్టి చూపటానికి అనువాదం మంచి గీటురాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ కథలను తెనిగించబూనిన అనువాదకునికి డఫ్ గొట్టం ఏ కష్టమూ కలిగించదు. అది ఏ భాషలోనైనా నవ్విస్తుంది. స్టేసీ టోపీ తెలుగులోకి చెక్కుచెదరకుండా వస్తుంది. క్రస్టీ చీటీలు వస్తవి, లీసా చించిన చెక్కు వస్తుంది, పర్వతం మీది యోగి మరింత సొంపుగా వస్తాడు. మాటల చమత్కారాలు కొన్ని జారిపోతవి. అది ప్రతి అనువాదానికీ ఉన్న నష్టమే, మూలానికి అపకీర్తి కాదు. ఇక అపు యాస దగ్గరకు వచ్చేసరికి అనువాదకుని కలం ఆగిపోతుంది. ఆ ఇంగ్లీషు యాసను తెలుగులో ఏమి చేయవలెను? తెలుగులో అపు మాట్లాడితే అతడు ఉత్త మనిషి. రాత్రంతా మేలుకొని దుకాణం చూచుకొనేవాడు, ఇంటికి పోయి భార్య మంజుల చేత చీవాట్లు తినేవాడు, చదివిన చదువుకు తగిన పని దొరకనివాడు. నవ్వు పోయినచోట మనిషి మిగిలినాడంటే, ఆ నవ్వు మనిషిని కప్పివేసిన నవ్వు అని తేలిపోయింది.

లేక, అనువాదకుడు మూలానికి విధేయుడనని అనుకొని అపు నోట మరొక యాస పెట్టవచ్చును. ఏ యాస పెడతాడు? సమాధానం వెంటనే స్ఫురిస్తుంది; సిగ్గు కూడ వెంటనే కలుగుతుంది. అరవయాస వంటవాడు, మార్వాడీ వడ్డీవ్యాపారి, పీనాసి శెట్టి మన నాటకాలలో, చిత్రాలలో ఎంతకాలంనుండి నిలబడియున్నారో లెక్కలేదు. పొరుగువారి సంగతి అటుంచి, తెలంగాణపు మాటను, రాయలసీమ మాటను, శ్రీకాకుళపు మాటను దశాబ్దాల తరబడి తెలుగు చలనచిత్రం విదూషకునికో దుష్టునికో కేటాయించి, నాయకునికి మాత్రం కోస్తా పెద్దమనిషి పలుకు ఉంచింది. ఆ మాటలు ఇంటిభాషగా గల పిల్లలు బడిలో ఏమి విన్నారో అడిగి తెలుసుకొనవలసిన అవసరం లేదు. కొండబోలు చిత్రం చూస్తే చాలు. నాట్యశాస్త్రం వికృతమైన వేషవాక్కులను హాస్యానికి విభావాలుగా చెప్పింది నిజమే. ఒకరి ఇంటిపలుకు మరొకరికి వికృతంగా ఎప్పుడు, ఎవరి తీర్పుతో తోచినదన్నది రచయిత వేసుకొనవలసిన ప్రశ్న.

అపు పాత్రను తీసివేయుమని కొండబోలు కోరలేదు. దుకాణం దాటి అతనికి ఒక జీవితం ఉండగూడదా అన్నదే అతని ప్రశ్న. గొంతు మారిన తరువాత అపు అడపాదడపా గుంపులో ఒకడుగా, మాట లేకుండా కనిపిస్తున్నాడు. క్విక్-ఇ-మార్ట్ మాత్రం వీథిలో వెలుగుతూనే ఉన్నది. తప్పు పలుకు మాన్పించటం సులభమైన ప్రాయశ్చిత్తం. సరైన పలుకు వ్రాయటం కష్టమైన పని. ఫ్లాండర్స్ ఎడమచేతి దుకాణాన్ని అంత ఆదరంతో నిలబెట్టినవారికి అది చేతకాదని అనటానికి వీలులేదు. ముప్పది సంవత్సరాల నాటి పౌరసత్వపరీక్ష కథలో ఒక్కపూట అది చేసి చూపించినారు కూడ. ఆ పూట అపు వేషం విప్పి గల్లాపెట్టె వెనుక నుండి బయటకు వచ్చినాడు. అతడు ఇక ఏమి మాట్లాడవలెనన్నది వ్రాసేవారి కోసం ఎదురుచూస్తున్నది.